కెర్ బ్లాక్ హోల్: నాకు 0.866 వస్తోంది, డేవిస్ 0.681 అంటాడు, టోపాలజీ సంఖ్య మాత్రం కలిసింది!

#1 · టౌ_కర్వ్
కెర్ బ్లాక్ హోల్ (అంటే తిరిగే బ్లాక్ హోల్) టోపాలజీ సంఖ్య డబ్ల్యూ లెక్కేస్తుంటే ఒకచోట పీటముడి పడింది. పద్ధతి 2022లో వెయ్, లియు, మాన్ పెట్టినదే. బ్లాక్ హోల్‌ని ఒక గూట్లో పెట్టామనుకుని, గూటి గోడల ఉష్ణోగ్రత 1/టౌ అనుకుని, ఎఫ్ = ఎం − ఎస్/టౌ (ఎం ద్రవ్యరాశి, ఎస్ ఎంట్రోపీ) అని రాయాలి. ఎఫ్ వాలు సున్నా అయ్యేచోట్ల అసలు బ్లాక్ హోల్స్ ఉంటాయి. ఒక్కో సున్నాకి వైండింగ్ (దాని చుట్టూ ఒక వెక్టర్ ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ లెక్క) +1 గానీ −1 గానీ వస్తుంది, అన్నీ కూడితే డబ్ల్యూ.

జి, సి, హెచ్‌బార్, కె అన్నీ 1 పెట్టి నేను వాడినవి:
ఎం = (ఆర్² + ఏ²)/(2ఆర్)
ఎస్ = పై·(ఆర్² + ఏ²)
(ఆర్ హొరైజన్, అంటే బ్లాక్ హోల్ అంచు, వ్యాసార్థం; జె కోణీయ ద్రవ్యవేగం; ‘ఏ’ అంటే జె/ఎం)

‘ఏ’ = 1 పెట్టి ఆర్‌తో డెరివేటివ్ తీస్తే టౌ = 4పై·ఆర్³/(ఆర్² − ఏ²). ఈ కర్వ్ అడుగు ఆర్ = √3·ఏ దగ్గర తగిలింది, అంటే ఏ/ఎం = 0.866. అడుగుకి ఎడమవైపు కొమ్మ +1, కుడివైపు కొమ్మ −1, మొత్తం డబ్ల్యూ = 0. పేపర్లలో కూడా కెర్‌కి 0 అనే ఉంది.

కానీ హీట్ కెపాసిటీ (వేడి ఇస్తే ఉష్ణోగ్రత పెరుగుతుందా, తగ్గుతుందా అనేది) గుర్తు మారేది ఏ/ఎం = 0.681 దగ్గర అని డేవిస్ 1977లోనే తేల్చేశాడు. వైండింగ్ గుర్తు, హీట్ కెపాసిటీ గుర్తు ఒకటే కావాలి కదా? తప్పెక్కడ?

#2 · జడత్వం
డెరివేటివ్ తీసేటప్పుడు దేన్ని కదలకుండా పట్టుకున్నారు? ‘ఏ’నా, జెనా?

#3 · టౌ_కర్వ్
‘ఏ’. పైనే రాశాగా, 1 అని.

#4 · జడత్వం
దొంగ దొరికాడు.

#5 · ఎంట్రోపీ_అక్క
జడత్వం రెండు ముక్కల్లో వదిలేశారు కాబట్టి కాస్త విడమరుస్తాను.

ముందు మీ టౌ నిజంగా 1/టి అవుతోందో లేదో చూసుకోండి. మిగతాదంతా తర్వాత. కెర్ ఉష్ణోగ్రత
టి = (ఆర్² − ఏ²)/(4పై·ఆర్·(ఆర్² + ఏ²)).
‘ఏ’ = 1, ఆర్ = 1.732 పెడితే 1/టి = 43.53. మీ సూత్రంలో అదే ఆర్ దగ్గర టౌ = 32.65. ఒకటి ఇంకోదానికి సరిగ్గా ముప్పాతిక. సున్నా దగ్గర టౌ, 1/టి కలవకపోతే అక్కడున్నది కెర్ బ్లాక్ హోల్ కాదు, ఏదో గీత మీది చుక్క అంతే.

ముప్పాతిక ఎక్కణ్ణుంచి వచ్చిందంటే: మొదటి నియమం డిఎం = టి·డిఎస్ + ఒమేగా·డిజె (ఒమేగా అంటే హొరైజన్ తిరిగే కోణీయ వేగం). ‘ఏ’ని పట్టుకుంటే జె = ఏ·ఎం కాబట్టి ఎం కదిలినప్పుడల్లా జె కూడా కదులుతుంది, డిజె = ఏ·డిఎం. అప్పుడు డిఎం/డిఎస్ = టి/(1 − ఏ·ఒమేగా). ఒమేగా = ఏ/(ఆర్² + ఏ²) కాబట్టి ఆ అడుగు భాగం ఆర్²/(ఆర్² + ఏ²). ఆర్² = 3, ఏ² = 1 పెట్టండి: 3/4.

అంటే మీరు వేడితో పాటు కోణీయ ద్రవ్యవేగాన్ని కూడా గూట్లోకి రానిచ్చారు, కానీ దాని లెక్క ఎఫ్‌లో రాయలేదు.

సరైన దారి: ఆర్, ‘ఏ’ రెండూ వదిలేసి ఎస్, జె పట్టుకోండి.
ఎం² = ఎస్/(4పై) + పై·జె²/ఎస్
జె కదలకుండా ఎస్‌తో డెరివేటివ్ తీస్తే
టి = (1 − ఎక్స్)/(8పై·ఎం), ఇక్కడ ఎక్స్ = 4పై²·జె²/ఎస్².
ఈ ఎక్స్ మరేదో కాదు, ఏ²/ఆర్². టి గరిష్ఠం అయ్యేచోట 3ఎక్స్² + 6ఎక్స్ − 1 = 0 వస్తుంది, ఎక్స్ = 2/√3 − 1 = 0.1547. దీన్ని (ఏ/ఎం)² = 4ఎక్స్/(1 + ఎక్స్)² లో వేస్తే 2√3 − 3 = 0.4641. వర్గమూలం 0.681. డేవిస్ వచ్చేశాడు.

#6 · హొరైజన్_హనుమంతు
అక్కా, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టారు. తొక్క మీద ఎవరైనా జారకుండా ఒకటి చేరుస్తా: ఈ కథలో 0.786 అనే మూడో సంఖ్య కూడా తిరుగుతూ ఉంటుంది. టి కోసం కరెక్ట్ సూత్రమే వాడి, ‘ఏ’ని పట్టుకుని టి గరిష్ఠం వెతికితే ఆర్² = (2 + √5)·ఏ². అప్పుడు (ఏ/ఎం)² = 0.618. అవును, గోల్డెన్ రేషియోయే!

#7 · సున్నాలవేట
ఓహో, "బ్లాక్ హోల్‌లో బంగారు నిష్పత్తి" అని ఫార్వర్డ్‌లు తిరుగుతుంటాయే, మూలం ఇదన్నమాట.

#8 · హొరైజన్_హనుమంతు
#7 అదే. గణితం తప్పు కాదు, ప్రశ్న తప్పు. ‘ఏ’ని స్థిరంగా ఉంచే గూడు ప్రకృతిలో ఏదీ లేదు. జెని ఉంచొచ్చు, ఒమేగాని ఉంచొచ్చు. జె/ఎంని ఉంచాలంటే గోడ ప్రతి క్షణం బ్లాక్ హోల్‌ని తూకం వేస్తూ దానికి తగ్గట్టు తిప్పుతూ ఉండాలి.

#9 · టౌ_కర్వ్
సరే, తప్పు ఒప్పుకున్నా. కానీ అసలు ప్రశ్న అలాగే ఉంది. తప్పు లెక్కలో కూడా డబ్ల్యూ = 0 ఎలా వచ్చింది? గాలివాటమా?

#10 · అర్ధచక్రం
గాలివాటం కాదు. డబ్ల్యూ కర్వ్ మధ్యలోకి తొంగిచూడదు, రెండు కొసలు మాత్రమే చూస్తుంది.

ఎస్ అతి చిన్నదైన కొస ఒకటి, అనంతానికి పోయే కొస ఒకటి. ఒక్కో కొస దగ్గర టౌ సున్నాకి పోతుందా, అనంతానికి పోతుందా? రెండు కొసలకి రెండేసి చొప్పున నాలుగు రకాలు:
చిన్న కొస సున్నా, పెద్ద కొస అనంతం: డబ్ల్యూ = −1 (తిరగని ష్వార్జ్‌షీల్డ్ బ్లాక్ హోల్ ఇదే)
రెండూ అనంతం: డబ్ల్యూ = 0 (కెర్, విద్యుదావేశం ఉన్న రైస్నర్–నార్డ్‌స్ట్రామ్)
రెండూ సున్నా: డబ్ల్యూ = 0 (ఆంటీ-డి సిట్టర్, అంటే కాస్మలాజికల్ స్థిరాంకం రుణాత్మకమైన స్పేస్‌టైమ్‌లో ష్వార్జ్‌షీల్డ్)
చిన్న కొస అనంతం, పెద్ద కొస సున్నా: డబ్ల్యూ = +1 (ఆంటీ-డి సిట్టర్‌లో కెర్)

మధ్యలో రెండింటికీ సున్నాయే కాబట్టి వాటిని 0+, 0− అని విడదీస్తారు. 0+ లో చిన్న బ్లాక్ హోల్ స్థిరం, పెద్దది అస్థిరం. 0− లో తిరగేసి. 2024లో అదే ముగ్గురు ఈ నాలుగు గదుల పట్టీ ఇచ్చారు.

మీ తప్పు కర్వ్‌నీ ఒప్పు కర్వ్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆర్ → ఏ అయినప్పుడు రెండూ అనంతానికే, ఆర్ → అనంతం అయినప్పుడూ రెండూ అనంతానికే. కొసలు కలిశాయి, డబ్ల్యూ కలిసింది. అడుగు ఎక్కడుందో డబ్ల్యూకి తెలీదు, తెలియాల్సిన పని కూడా లేదు.

#11 · సందేహాలరావు
ఇన్నాళ్లూ ఎవరూ ఒప్పుకోని మాట #10 ఒప్పేసుకున్నారు. తప్పు లెక్కకీ ఒప్పు లెక్కకీ ఒకే జవాబు ఇచ్చే సంఖ్య మనకి చెప్పేదేంటి? కొసలు చూస్తే చాలంటే ఈ వెక్టర్లూ, తీటా అనే లేని అక్షమూ, కాంటూర్లూ ఎందుకు? టి గ్రాఫ్ చూసి ఏ కొమ్మ ఎక్కుతోంది, ఏది దిగుతోంది అని చెప్తే సరిపోదా?

ఇంకోటి. జె = 0 అయితే డబ్ల్యూ = −1. జె ఒక్క ఇసుక రేణువంత ఉన్నా డబ్ల్యూ = 0. సూర్యుడంత బ్లాక్ హోల్‌కి ఆ తేడా తెలుస్తుందా?

#12 · అర్ధచక్రం
తీటా సంగతి ఒప్పుకుంటా. ఎఫ్ వాలు మొదటి భాగంగా ఉన్న వెక్టర్ ఫైకి రెండో భాగం −కాట్(తీటా)·కొసెక్(తీటా) అని అంటించేది కేవలం రెండు డైమెన్షన్ల వెక్టర్ కావాలని. తీటా = పై/2 దగ్గర దాని వాలు ఎప్పుడూ +1, కాబట్టి వైండింగ్ గుర్తు అచ్చంగా ఎఫ్ రెండో డెరివేటివ్ గుర్తే. అంటే డిటి/డిఎస్ గుర్తు, అంటే హీట్ కెపాసిటీ గుర్తు. వెక్టర్ సున్నాల్ని లెక్కపెట్టే డువాన్ ఫై-మ్యాపింగ్ యంత్రం అంతా ఇక్కడ ఈ ఒక్క ముక్కకి తగ్గిపోతుంది.

జె → 0 సంగతి మాత్రం మీరు చెప్పినంత వింత కాదు. జె తగ్గేకొద్దీ చిన్న స్థిర బ్లాక్ హోల్ కూడా కుంచించుకుపోతుంది, ఎందుకంటే దానికి కింది గట్టు ఎస్ = 2పై·జె. జె సున్నా అవగానే ఆ చిన్నది హొరైజన్‌తో సహా మాయం. పెద్దది అలాగే ఉంటుంది. పోయిన +1 ఎక్కడికి పోయిందో కళ్ళకి కనబడుతూనే ఉంది.

#13 · సందేహాలరావు
ఆ చిన్నది హెచ్‌బార్ అంత జె దగ్గర ఎంట్రోపీ 2పై ఉన్న "బ్లాక్ హోల్". దానికి థర్మోడైనమిక్స్ వాడటమే సాహసం. అలాంటిదాన్ని లెక్కలో కలుపుకుని డబ్ల్యూ = 0 అని గర్వపడాలా?

#14 · ఎంట్రోపీ_అక్క
ఇద్దరూ కాసేపు ఆగండి. టౌ_కర్వ్‌కి పనికొచ్చేది చేద్దాం. జె = 1, టౌ = 50 పెట్టి సరైన లెక్క మొత్తం ఇదిగో (జె ఎంతైనా పొడవులన్నీ √జె తో స్కేల్ అవుతాయి కాబట్టి #13 భయం ఇక్కడ అక్కర్లేదు):

వై = ఏ/ఆర్ అనుకుంటే ఒకే చలరాశి మిగులుతుంది:
టి = (1 − వై²)/(8పై) × √(2వై/(1 + వై²))
ఎస్ = 2పై/వై
ఎం² = (1 + వై²)/(2వై)

టి = 0.02 కి రెండు మూలాలు. చిన్న బ్లాక్ హోల్: వై = 0.693, ఎస్ = 9.06, ఆర్ = 1.396, ఎం = 1.033, ఏ/ఎం = 0.936. ఇది +1. పెద్దది: వై = 0.133, ఎస్ = 47.15, ఆర్ = 3.840, ఎం = 1.954, ఏ/ఎం = 0.262. ఇది −1.

రెండూ ఒకటయ్యేచోటు ఎస్ = 15.98, ఆర్ = 2.10, టి = 0.02776, అంటే టౌ = 36.02. టౌ అంతకన్నా తక్కువైతే, అంటే గోడ మరీ వేడైతే, ఒక్క బ్లాక్ హోల్ కూడా ఉండదు. 36.02 దాటగానే +1, −1 కవలల్లా పుడతాయి. ఆ చోట ఏ/ఎం చూడండి: 0.681.

#15 · టౌ_కర్వ్
అద్భుతం. మూలాలు నాకూ ఇవే వచ్చాయి. ఇప్పుడు కాంటూర్ మీద వైండింగ్ వేస్తే పూర్ణసంఖ్య రావట్లేదు. ఎస్ = 9.06 చుట్టూ దీర్ఘవృత్తం, ఎస్‌లో సగం వెడల్పు 2, తీటాలో 0.5, మొత్తం 40 బిందువులు. ఎన్‌1·డిఎన్‌2 − ఎన్‌2·డిఎన్‌1 ని (ఎన్ అంటే ఫైని దాని పొడవుతో భాగించిన వెక్టర్) పైథాన్ నంపై గ్రేడియంట్‌తో కూడితే 0.7 చుట్టూ తచ్చాడుతోంది.

#16 · కొండపల్లి_కోడ్
ఇది ఫిజిక్స్ రోగం కాదు, స్కేల్ రోగం. మీ కాంటూర్ మీద తీటా భాగం గరిష్ఠంగా 0.62, ఎస్ భాగం ఒకవైపు 0.005, ఇంకోవైపు −0.012. వెక్టర్ దాదాపు అంతసేపూ నిలువుగా ఉండి, తీటా = పై/2 దాటేచోట ఒక్క అంగలో దాదాపు 90 డిగ్రీలు తిరిగేస్తుంది. 40 బిందువుల మీద గ్రేడియంట్ ఆ మలుపుని కోసేసి అడ్డదారిన పోతోంది. తక్కువ రావడానికి కారణం అదే.

మూడు మందులు, ఏదైనా పనిచేస్తుంది:
గ్రేడియంట్ మానేసి ఆర్క్‌టాన్2 తో కోణం తీసి, అన్‌ర్యాప్ చేసి, చివర్లోంచి మొదలు తీసేసి 2పై తో భాగించండి. 40 బిందువులకే సరిగ్గా 1 వస్తుంది.
లేదా ఎస్ భాగాన్ని 100 తో గుణించండి. ధన సంఖ్యతో గుణిస్తే వైండింగ్ మారదు.
లేదా ఎస్ బదులు లాగ్ ఎస్ వాడండి, ఎఫ్ డెరివేటివ్‌కి ఎస్ గుణకం దానంతటదే వస్తుంది. నేనైతే మొదటిదాన్నే వాడతా, రెండోది తోడుగా.

లూప్ మూసుకుందో లేదో కూడా చూసుకోండి. మొదటి బిందువుని చివర్లో మళ్ళీ చేర్చకపోతే ఒక అంగ ఎగిరిపోతుంది. అది సరిగ్గా మలుపు దగ్గరైతే పావు చుట్టు పోయినట్టే.

#17 · సున్నాలవేట
#16 కి తోక: తీటాలో సగం వెడల్పు 1.57 కి దగ్గరగా పెట్టొద్దు. తీటా 0, పై దగ్గర కొసెక్ పేలిపోతుంది. ఎస్‌లో కూడా 6.28 కిందకి దిగొద్దు. అక్కడ సూత్రం ఎర్రర్ ఇవ్వదు, నవ్వుతూ పనిచేస్తుంది, కానీ అది లోపలి హొరైజన్, టి రుణాత్మకం. రెండు హొరైజన్ల ఎంట్రోపీల లబ్ధం 4పై²·జె² కదా, ఒకటి గట్టు దాటితే రెండోది ఎదురొస్తుంది.

#18 · టౌ_కర్వ్
అన్‌ర్యాప్‌తో 1.000 వచ్చింది. రెండోదానికి −1.000. రెండింటినీ కలిపి ఒకే పెద్ద కాంటూర్‌లో పెడితే 0. హమ్మయ్య.

#19 · లోతట్టు_ఈథర్
హమ్మయ్య అనడానికి ఇంకా టైముంది. జెని పట్టుకున్నారు సరే. ఒమేగాని పట్టుకుంటే?

గోడ కూడా తిరుగుతోందనుకోండి, వేడీ కోణీయ ద్రవ్యవేగమూ రెండూ ఇచ్చిపుచ్చుకుంటుంది. ఇప్పుడు ఎఫ్ కాదు, ఎం − ఎస్/టౌ − ఒమేగా·జె. అదే వై వాడితే:
ఎస్ = పై·వై²/(ఒమేగా²·(1 + వై²))
టి = ఒమేగా·(1 − వై²)/(4పై·వై)
వై పెరిగితే ఎస్ పెరుగుతుంది, టి తగ్గుతుంది. ఎక్కడా మలుపు లేదు. వై → 0 దగ్గర టౌ = 0, వై → 1 దగ్గర టౌ అనంతం. #10 పట్టీలో మొదటి గది. డబ్ల్యూ = −1.

అదే కెర్, అదే మెట్రిక్. గూడు మార్చగానే 0 పోయి −1 వచ్చింది. కాబట్టి "కెర్ టోపాలజీ సంఖ్య 0" అనే వాక్యం సగమే. "స్థిర జె గూట్లో కెర్‌ది 0" అనాలి. పేపర్ల అబ్‌స్ట్రాక్టుల్లో ఆ సగం తరచూ మింగేస్తారు.

#20 · సందేహాలరావు
చూశారా! నేను #11లో మొత్తుకున్నది ఇదే. స్పేస్‌టైమ్ ధర్మం కాదది, గూటి ధర్మం.

#21 · అర్ధచక్రం
గూటి ధర్మమే. ఎవరు కాదన్నారు? థర్మోడైనమిక్స్‌లో స్థిరత్వం అనే మాట ఎప్పుడూ గూటితో కలిపే ఉంటుంది. యార్క్ 1986లో చూపించింది కూడా అదేగా: ష్వార్జ్‌షీల్డ్ చుట్టూ 3ఎం లోపల గోడ కట్టి దాని ఉష్ణోగ్రత పట్టుకుంటే హీట్ కెపాసిటీ ధనాత్మకం అయిపోతుంది. బ్లాక్ హోల్ మారలేదు.

#19 లెక్క నుంచి ఇంకోటి పిండుకోవచ్చు. సి-ఒమేగా (స్థిర ఒమేగా దగ్గర హీట్ కెపాసిటీ) ఎప్పుడూ రుణం. సి-జె మాత్రం 0.681 పైన ధనం. రెండింటి తేడా టి × (డిజె/డిటి, స్థిర ఒమేగా)² ÷ (డిజె/డిఒమేగా, స్థిర టి). తేడా రుణం కావాలంటే అడుగునున్నది రుణం కావాలి. అంటే 0.681 పైనున్న "స్థిర" కెర్‌కి ఉష్ణోగ్రత పట్టుకుని జె పెంచితే ఒమేగా తగ్గుతుంది. వేడి వైపు గట్టి, తిరుగుడు వైపు డొల్ల. ఏ గుణమైనా రెండు వైపులా తట్టి చూడాలి.

#22 · హొరైజన్_హనుమంతు
ఆ "స్థిరం", "అస్థిరం" మాటలు చదివి కొత్తవాళ్ళు కెర్ బ్లాక్ హోల్ పేలిపోతుందనుకుంటారు. ఇది గురుత్వ తరంగాల అస్థిరత్వం కాదు. కెర్‌లో పెరిగే మోడ్‌లు లేవని వైటింగ్ 1989లోనే చూపించాడు. 0.681 దాటేటప్పుడు బ్లాక్ హోల్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఎం, జె రెండూ మూసిన పెట్టెలో స్థిరంగా ఉంటే కెర్ వరుసలో స్థిరత్వం మారే మలుపు బిందువే లేదని కాట్జ్, ఒకమోటో, కబురాకి 1993లో చెప్పారు.

#23 · సున్నాలవేట
మరి మొదటి గురుత్వ తరంగం, 2015 సెప్టెంబరు 14 నాటిది, దానిలో మిగిలిన బ్లాక్ హోల్ స్పిన్ 0.67 అన్నారు. 0.68 పక్కనే. ఏమైనా...?

#24 · హొరైజన్_హనుమంతు
ఏమీ లేదు. కాకతాళీయం. తిరగని రెండు సమాన బ్లాక్ హోల్స్ కలిస్తే 0.686 వస్తుంది, అది చివరి కక్ష్యల్లో మిగిలిన కోణీయ ద్రవ్యవేగం పని. ఒక సూర్యుడంత ష్వార్జ్‌షీల్డ్ ఉష్ణోగ్రత 6.2 × 10⁻⁸ కెల్విన్. 62 సూర్యులకి, 0.68 స్పిన్‌తో ఇంకో 15 శాతం తగ్గి, సుమారు 0.85 నానోకెల్విన్. చుట్టూ ఆకాశం 2.7 కెల్విన్. అక్కడ థర్మల్ సమతుల్యం గురించి మాట్లాడటం మంచుగడ్డని కొలిమిలో పెట్టి జలుబు చేస్తుందేమో అన్నట్టు.

#25 · టౌ_కర్వ్
కాస్మలాజికల్ స్థిరాంకం పెడితే? కెర్–ఆంటీ-డి సిట్టర్ కూడా ఇదే కోడ్‌లో వేద్దామని చూస్తున్నా. ఎం, జె సూత్రాలు రెండు పేపర్లలో రెండు రకాలుగా ఉన్నాయి.

#26 · ఎంట్రోపీ_అక్క
అక్కడే చాలామంది కాలు విరుగుతుంది. క్సై = 1 − ఏ²/ఎల్² (ఎల్ అంటే ఆంటీ-డి సిట్టర్ వ్యాసార్థం) అనుకుంటే సరైనవి ఎం = ఎమ్/క్సై², జె = ఏ·ఎమ్/క్సై² (కుడివైపు ‘ఎమ్’ మెట్రిక్‌లోని పారామీటర్). ఒమేగా కూడా అనంతం దగ్గర తిరగని చట్రం నుంచి కొలవాలి: ఏ(1 + ఆర్²/ఎల్²)/(ఆర్² + ఏ²). కొన్ని పాత పేపర్లలో ఎం = ఎమ్/క్సై అని ఉంటుంది, దాంతో మొదటి నియమం నిలవదు. గిబ్బన్స్, పెర్రీ, పోప్ 2005లో ఈ గొడవ తేల్చారు.

ఆ తలనొప్పి లేకుండా ఎస్, జెలతోనే పోవచ్చు. క్యూ = ఎస్/(పై·ఎల్²) అనుకుంటే
ఎం² = (ఎస్/4పై)(1 + క్యూ)² + (పై·జె²/ఎస్)(1 + క్యూ)
క్యూ = 0 పెడితే #5 సూత్రం తిరిగి రావాలి, అది మొదటి తనిఖీ. రెండో తనిఖీ క్రిటికల్ బిందువు: జె = 1 కి కాస్మలాజికల్ స్థిరాంకం ఇచ్చే పీడనం 0.002857, అంటే ఎల్ సుమారు 6.46, ఎస్ = 28.72, టి = 0.04175. అక్కడ టి మొదటి, రెండో డెరివేటివ్‌లు రెండూ సున్నా కావాలి. కాకపోతే సూత్రంలో ఎక్కడో ఒక 2 జారిపోయినట్టే.

ఎల్ 6.46 కన్నా ఎక్కువైతే టౌ కర్వ్ రెండుసార్లు మెలితిరుగుతుంది, ఒక ఉష్ణోగ్రతల పట్టీలో మూడు బ్లాక్ హోల్స్: +1, −1, +1. తక్కువైతే ఒకటే, +1. ఎలాగైనా డబ్ల్యూ = +1. పెద్ద కొస దగ్గర టి ఆకాశానికి పోవడమే తేడా.

#27 · లోతట్టు_ఈథర్
#26 లో చిన్న +1 ని చూసి స్థిరం అని సంబరపడొద్దు. ఒమేగా·ఎల్ < 1 అయితేనే సూపర్‌రేడియన్స్ నుంచి రక్ష, అంటే ఆర్² > ఏ·ఎల్ ఉండాలి. జె = 1, ఎల్ = 11 తీసుకోండి. చిన్న బ్లాక్ హోల్ ఆర్² సుమారు 2, ఏ·ఎల్ 10 పైన. దరిదాపుల్లో కూడా లేదు. తరంగం బ్లాక్ హోల్ దగ్గర శక్తి దోచుకుని, ఆంటీ-డి సిట్టర్ గోడకి తగిలి వెనక్కొచ్చి, మళ్ళీ దోచుకుంటుంది. కార్డోసో, డయాస్ 2004లో చిన్న కెర్–ఆంటీ-డి సిట్టర్‌కి ఈ అస్థిరత్వం చూపించారు. వైండింగ్ +1 లో స్థిరత్వం నేతిబీరకాయలో నెయ్యిలాంటిది.

#28 · అర్ధచక్రం
నెయ్యి బొత్తిగా లేదనకండి. స్థిర జె గూట్లో అక్ష-సమరూప ఒడిదుడుకులకి అది నిజంగానే కనిష్ఠం. సూపర్‌రేడియన్స్ ఆ సమరూపాన్ని చెడగొట్టే మోడ్. ఎఫ్ ఒక్క చలరాశి ఫంక్షన్ అయితే అది పక్కకి చూడలేదు.

#29 · లోతట్టు_ఈథర్
ఆ వాక్యం పేపర్ల మొదటి పేజీలో రాస్తే నాకే పేచీ లేదు.

#30 · సున్నాలవేట
ఎక్కువ డైమెన్షన్లలో మైయర్స్–పెర్రీ (అక్కడి తిరిగే బ్లాక్ హోల్), ఒకే స్పిన్: 5 లో డబ్ల్యూ 0, 6 నుంచి −1. 5 లో టి = ఆర్/(2పై(ఆర్² + ఏ²)), ఆర్ → 0 దగ్గర టి సున్నా, కాబట్టి కెర్ లాగే రెండు కొసలూ అనంతం. 6 నుంచి టిలో 1/ఆర్ ముక్క ఒకటి చేరుతుంది, ఆర్ → 0 దగ్గర టి పేలిపోతుంది. స్పిన్‌కి పైహద్దే ఉండదు. అలా పళ్ళెంలా పరుచుకున్న బ్లాక్ హోల్స్ నిజంగానే అస్థిరమని ఎంపరాన్, మైయర్స్ 2003లో వాదించారు, అది పొడవాటి బ్లాక్ స్ట్రింగ్‌లకి ఉండే గ్రెగరీ–లాఫ్లామ్ అస్థిరత్వంతో చుట్టరికం. ఇక్కడ మాత్రం థర్మోడైనమిక్స్, డైనమిక్స్ ఒకే మాట మీదున్నాయి.

#31 · సందేహాలరావు
ఒక్క చోటైనా.

#32 · టౌ_కర్వ్
కోడ్‌లో జె = 2 మార్చి చూశా, టౌ 50 అలాగే ఉంచి. ఇప్పుడు ఒక్క సున్నా కూడా దొరకట్లేదు! రూట్ ఫైండర్ ఎర్రర్. మళ్ళీ ఏం పాడుచేశా?

#33 · జడత్వం
36.02 × √2 ఎంత?

#34 · టౌ_కర్వ్
50.94... ఓ. గోడ వేడెక్కువైంది. టౌ 60 పెట్టా, రెండూ వచ్చాయి.